పెద్ద తెరకు చిన్న డబ్బా

ఆ రోజుల్లోనే ఇది రాసి ఉండాల్సింది. తీరిక లేక కాదు, సిగ్గుపడీ కాదు, నాకు అక్షరమే రాదు కనుక రాయలేదు. చిన్నప్పుడు మా అమ్మ తమ్ముళ్ళను ఎత్తుకుని తిరగమంది, బడికి పొమ్మనలేదు. ఆ తర్వాత పత్తి చేలు, పెళ్ళి, శంషాబాద్‌లో పెద్ద హోటళ్ళు లేచాక వాటిలో దుప్పట్లు ఉతికే పని. ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానని చెప్పి తప్పించుకునేదాన్ని (నాకు కళ్ళద్దాలు లేనే లేవు). కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది జరిగేనాటికి నా తల సగం నెరిసినా, అక్షరాల లెక్కలో పలక పట్టని పిల్లనే.

మా ఆయన మాత్రం పది పాసైనవాడు. విమానాశ్రయానికి కారు నడిపేవాడు. దిగే ప్రయాణికుల పేర్లు అట్టమీద రాసి, పట్టుకుని నిలబడేవాడు. ఆ చేతిరాత ఎంత ముచ్చటగా ఉండేదంటే మిగతా డ్రైవర్లు తమ అట్టలు కూడా తెచ్చి ఆయన చేతే రాయించుకునేవాళ్ళు. బోర్డన్న అని పేరు కూడా పెట్టారు. ఆదివారం మా చిన్న చర్చిలో పాస్టరుగారి ప్రసంగానికి ముందు వాక్యం చదివేదీ ఆయనే. మా వైపు విమానం నెత్తిమీదుగా పోతుంటే ఎవరైనా సరే మాట ఆపేసి, అది పోయాక ఆపిన చోటే అందుకుంటారు. మా ఆయన చదువుతూ చదువుతూ మాట మధ్యలో ఆగి, వేలు అక్కడే పెట్టుకుని, పైకప్పు అదరడం తగ్గాక ఆ మిగిలిన సగం మాటా చదివేవాడు. కొత్తవాళ్ళకు నవ్వొచ్చేది. నాకు మాత్రం విమానమంతటిది ఆయన కోసం తొందరగా పక్కకు తప్పుకున్నట్టు ఉండేది.

తర్వాత చక్కెర రోగం ఆయన కళ్ళలోకి దిగింది. కారు పోయింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని, అక్షరాలు పెద్దవిగా, అంచులు తేటగా ఉంటే కొన్నాళ్ళు చదువుకోవచ్చని కంటి దవాఖానలో చెప్పారు. కారు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. ఆదివారం చదవడం పోతుందేమోనని భయపడ్డాడు. వారమంతా ఇంట్లో చదివి చదివి నోటికి తెచ్చుకుంటే, ఆదివారం పుస్తకం ఊరికే పట్టుకుని నిలబడినా సరిపోతుందని ఆయన ఉపాయం. ఫోనులో అక్షరాలు పెద్దవి చేస్తే తెరమీద రెండంటే రెండే పట్టేవి. ఒక్క మాట పూర్తయ్యేసరికి పొయ్యిమీద నా కూర మాడిపోయేది.

అప్పుడు మా వదిన (మా ఆయన అక్క, కొత్తూరు దారిలో ఒక ఆఫీసులో ఊడ్చే పని) ఆ ఆఫీసువాళ్ళు మార్చేస్తున్న పెద్ద మానిటర్ ఒకటి అడిగి తెచ్చింది. పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురిని దింపినట్టు మా గదిలో దింపింది. గోడకు ఆనిస్తే మా గదికి ఇంకో కిటికీ వచ్చినట్టయింది. అయితే మానిటర్ ఒక్కటే ఏం చేస్తుంది? నడిపే కంప్యూటర్ కావాలి. మంచం, బియ్యం డబ్బా, మేమిద్దరం పోగా మా గదిలో మిగిలిన జాగాకు టిఫిన్ గిన్నెంత డబ్బా అయితేనే పడుతుంది. అలాంటివి దొరుకుతాయని తెలిసి ఇద్దరం శంషాబాద్ బజారులో ఒక భాయ్ దుకాణానికి వెళ్ళాం.

మానిటర్ వెనకాల చీటీ అంటించి ఉంటుంది, అందులో ఏం రాసి ఉందో చెప్పమన్నాడు భాయ్. ఆ చీటీ మేమూ చూశాం. కానీ ఏం లాభం? మా ఇద్దరిలో అక్షరం వచ్చినవాడికి చూపు లేదు, చూపున్నదానికి అక్షరం రాదు. నేను రెండు చేతులూ చాచి "గింత ఉంటది" అన్నాను. భాయ్ నా చేతులు చూసి, ఆలోచించి, ఒక డబ్బా తీసి, కరెంటు పెట్టి చూపించి, ఇది పట్టుకెళ్ళమన్నాడు. మా ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఎంత కరెంటు తాగుతుందని అడిగాడు. పక్కన అంతకంటే చిన్నది, చప్పుడు చెయ్యనిది, సగం కరెంటు కూడా తాగనిది ఉంది. డ్రైవరు కదా, ఆయనకు ఇక వేరే మాట చెవికెక్కలేదు.

"నిలబెట్టిన కాడ గుర్రుమనే బండి నాకొద్దు భాయ్. మైలేజీ ఇచ్చేదియ్యి."

"అన్నా, మైలేజీ మంచిదే. కానీ లోడు ఎంతుందో ఎరుక లేకుండ బండి కొంటరా?"

"లోడేముంటది? అక్షరాలే కద."

భాయ్ నవ్వి ఇచ్చేశాడు. నేనూ నవ్వాను. అక్షరాలకు బరువేమిటి అని నాకూ అనిపించింది.

ఇంటికొచ్చి తగిలించాం. తెర వెలిగింది. ఆ వెలుగుకు గది గదంతా కడిగినట్టయింది. పక్కింటివాళ్ళు చెప్పినట్టు నొక్కి ఆదివారం వాక్యం తెరమీదికి తెచ్చాడు, అక్షరాలు పెద్దవి చేశాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వెనక్కి జరుపుకున్నాడు. కళ్ళద్దాలు తుడిచాడు. నా చీర కొంగుతో మళ్ళీ తుడిచాడు. చాలాసేపటికి నన్ను పిలిచి, అక్షరాలు సాఫ్‌గా ఉన్నాయా, అలుక్కుపోయినట్టున్నాయా అని అడిగాడు. నేను తెరకు ముక్కు ఆనించి మరీ చూశాను. అన్నీ వంకరగా, గుండ్రంగా, ఎప్పుడూ ఉండేట్టే ఉన్నాయి. తేటగా ఉన్న అక్షరం ఎలా ఉంటుందో నాకు తెలిస్తే కదా!

"మంచిగనే ఉన్నయి" అన్నాను.

ఆయన లేచి డబ్బా ఆపేశాడు. ఇక తన కళ్ళు అయిపోయాయని అనుకున్నాడు. ఆ మాట నాతో చెప్పలేదు. పాస్టరుగారితో మాత్రం, వచ్చే వారం నుంచి వేరేవాళ్ళతో చదివించుకోమని చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో గుడ్డితనం నేర్చుకోవడం మొదలైంది. రేపు ఎలాగూ తప్పదు, ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటానని కళ్ళు మూసుకుని తిరిగేవాడు. మూసిన కళ్ళతో నీళ్ళ కుండ అనుకుని బియ్యం డబ్బాలో గ్లాసు ముంచాడు. వాకిట్లో కవరు కప్పిన స్కూటరుకు దండం పెట్టి, పాస్టరమ్మగారూ బాగున్నారా అని అడిగాడు. ఆమె నిజంగానే వెనకాల నిలబడి ఉంది. కళ్ళు తెరిచి తిరగమని పోట్లాడితే, తెరిచి మాత్రం ఏం చూడాలి అన్నాడు. నేను బయట నవ్వుకున్నాను, లోపల ఏడ్చాను. ఏది ఎప్పుడు చేస్తున్నానో నాకే తెలిసేది కాదు.

అలా కొన్ని వారాలు గడిచాక వదిన వచ్చింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. తను తెచ్చిన మానిటర్ ఎలా ఉందో చూద్దామని వెలిగించింది.

"ఏందే పిల్లా, అక్షరాలు గిట్ల వానకు తడిసినట్టున్నయి? ఆఫీసుల ఉన్నప్పుడు సూది మొనల్లెక్క ఉండె."

మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న మా ఆయన లేచి కూర్చున్నాడు. "అక్కా, మళ్ళ చెప్పు" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను. "నిన్నడిగిన చూడు, నన్ననాలె" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఆయన నవ్వు చూసి వదిన, వదినను చూసి నేను, ముగ్గురం పిచ్చివాళ్ళలా నవ్వాం.

ఈసారి మానిటర్‌ను కూడా ఆటోలో వేసుకుని భాయ్ దగ్గరికి పోయాం. చీటీ భాయే చదువుకున్నాడు. ఆ తెరలో చుక్కలు చాలా ఎక్కువట, మా డబ్బా వాటిలో నాలుగో వంతుకు సరిపడా బొమ్మే పంపగలదట. పంపినదాన్నే తెర సాగదీసి పరుచుకుంటోందట. "నలుగురికి వండిన కూరల నీళ్ళు పోసి పదారు మందికి వడ్డిస్తున్నది అమ్మా మీ డబ్బా" అన్నాడు. అది నాకు బాగా అర్థమైంది. దాన్ని వాపసు తీసుకుని, మొదట చూపించిన ఫ్యాను డబ్బానే ఇచ్చి, తీగ కూడా దానికి తగ్గది మార్చాడు. పెట్టగానే మా ఆయన దుకాణంలోనే నిలబడి, గట్టిగా, తెరమీది మొదటి వరుస చదివేశాడు. అది డబ్బా కంపెనీవాళ్ళు పెట్టిన ఏదో హెచ్చరిక. చర్చిలో చదివినట్టే చదివాడు.

ఆ వానాకాలమంతా ఆదివారాలు ఆయనవే. ఇంట్లో మాత్రం, ఇక నీ సాక్ష్యం మీద బతకలేనని చెప్పి నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం అన్నం పళ్ళెమంత చేసి తెరమీద పెట్టేవాడు. హోటల్లో దుప్పట్లు మడతపెడుతూ వాటి మీద వేలితో రాసుకునేదాన్ని. తలకట్టు మర్చిపోతే బోడి గుండు అని వెక్కిరించేవాడు. చలి మొదలయ్యేసరికి కూడబలుక్కుంటూ చదవగలిగాను.

అప్పుడే ఒకరోజు, డబ్బా మళ్ళీ ఖరాబైనట్టుంది, అక్షరాలు తడిసిపోయాయి, భాయ్‌కి చూపిద్దాం పద అన్నాడు. నేను తెర చూశాను. ప్రతి అక్షరం అంచూ తేటగా ఉంది. ఈసారి నాకు తెలుసు. తెలిసీ డబ్బా పట్టుకుని ఆయనతో ఆటో ఎక్కాను. దారిపొడవునా ఆయన, కొత్త డబ్బా కొనాల్సి వస్తే ఈసారి మైలేజీ అడగనని హుషారుగా చెబుతూనే ఉన్నాడు.

భాయ్ తన దుకాణంలోని పెద్ద తెరకు దాన్ని తగిలించి చూశాడు. నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. భాయ్ తీగ తీసి మళ్ళీ పెట్టాడు, ఊరికే. పైన విమానం పోతోంది. అది పోయాక కూడా ఆయన మాట్లాడలేదు. మా వైపు విమానం పోయాక ఎవరూ మాట అందుకోకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"సమజైంది భాయ్" అన్నాడు మా ఆయన. "జర చాయ్ చెప్పు. తాగి పోతం."

ఇంటికొచ్చాక కళ్ళు మూసుకోలేదు, తెరిచే పడుకున్నాడు. ఇంతకుముందు నేర్చుకున్నది ఉండనే ఉంది కదా అని ఒక్కసారి అన్నాడు, అంతే.

మరునాడు పొద్దున ఆయన లేవకముందే డబ్బా వెలిగించాను. తెరమీద నిన్నటి మాట ఒక్కటే, గోడంత అక్షరాలతో ఉంది. ఆయన నేర్పిన చోటే నొక్కి వాటిని చిన్నవి చేశాను. ఇంకొంచెం చేశాను. వరుస మొత్తం పట్టేదాకా, నా చూపుకు సరిపోయేదాకా చేశాను. అప్పుడు కుర్చీ జరుపుకుని, ఆదివారం వాక్యం పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో మాట దగ్గరే దీర్ఘం మింగేశాను. మంచం మీది నుంచి "సాగదియ్యి" అని వినబడింది. సాగదీసి, ముందుకు పోయాను.