పాలికి మేపిన పడ్డ

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడే, నన్ను జువ్వలదిన్నె దగ్గరి పల్లెలో అమ్మమ్మ ఇంట్లో దిగబెట్టి వెళ్ళాడు నాన్న. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఆయన రాకపోకలు తగ్గిపోయాయి. అమ్మమ్మకు చెవులు సరిగా వినపడవు. ఉప్పుగాలి హోరులో గొంతు చించుకుని అరిచి ఏం చెప్పాలి? అందుకని నా కబుర్లన్నీ పాకలో ఉన్న బర్రెపడ్డకే చెప్పుకునేదాన్ని.

నిజానికి అది మాది కాదు. రైలుకట్ట అవతలి ఊరి ఆసామి పాలికి ఇచ్చిన పడ్డ. మేత, నీళ్ళు, చాకిరీ మేపేవాళ్ళవి. అది చూలు కట్టగానే ఆసామి తోలుకుపోయి, మేపినందుకు వేరే దూడను సొంతానికి ఇస్తాడు. ఆ సంగతి అమ్మమ్మ చెబుతూనే ఉండేది. నేను చెవిన పెడితే గదా.

చివరికి అది చూలు కట్టింది, ఆసామి తోలుకుపోయాడు. బదులుగా వచ్చిన బక్క దూడ అచ్చంగా మాదే. దాని ముఖం కూడా నేను చూడలేదు. ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నాను.

తెల్లవారేసరికి పడ్డ పాకలో నిలబడి ఉంది, మెడలో తెగిన పలుపుతో. నేను దాని మెడ కరుచుకుని, ఎవరొచ్చినా వదలనని కూర్చున్నాను. కావలి బడిలో ఇంగ్లీషు చెప్పే మా మామయ్య ఆ ఆదివారం ఇంట్లోనే ఉన్నాడు. కోప్పడలేదు. వచ్చి నా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. ఇంగ్లీషువాళ్ళకు ‘ఓన్’ అని ఒక మాట, ‘పొసెస్’ అని ఒక మాట ఉన్నాయన్నాడు. మొదటిది హక్కుతో సొంతం కావడమట. రెండోది మన దగ్గర ఉండడమట, హక్కు ఉన్నా లేకున్నా. ఓర్పూ ధైర్యమూ మనిషిలో ఉన్నాయనడానికి కూడా ఆ రెండో మాటే వాడతారట.

“ఇప్పుడు ఇది నీ కాడ ఉండాది పాపా. అయినా నీది కాదు.”

“నాకోసమే గదా మామా వచ్చినాది?”

“నీకోసమే వచ్చినాది. అందుకే నువ్వే తోలుకపోవాల. వాళ్ళొస్తే కొట్టి తోలుకపోతారు.”

నేను దాని మెడ వదిలి లేచాను. కొత్త పలుపు వేసి బయలుదేరాను. అది మారాం చేయకుండా నా వెంట నడిచింది. మామయ్య చాలా వెనకగా వచ్చాడు, నా ఏడుపు నన్ను ఏడవనిస్తూ. ఆసామి కొట్టంలో నా చేత్తోనే కట్టేసి, నుదురు నిమిరి వచ్చేశాను. వెనకనుంచి అది అరుస్తూనే ఉంది.

తరువాత నా దగ్గర ఉండి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే. మా ఆయన పోయినప్పుడు, ఎందుకు తీసుకుపోయావని నేను దేవుణ్ణి నిలదీయలేదు. ఉన్నన్నాళ్ళూ బాగా చూసుకున్నానా అని మాత్రం నన్ను నేనే అడిగాను. చూసుకున్నాను. అయినా ఇల్లు బావురుమంటూనే ఉంది. అలా ఉండదని మామయ్య నాకెప్పుడూ చెప్పలేదు.