పెద్దమ్మ తోటలో ఊట కుంటకి పర్మిషన్

పొద్దున్నే పెద్దమ్మ ఫోను. "ఇవాళ కుంట చోటు చూడ్డానికి ఆఫీసరు గారొస్తున్నారే. నాకు భయంగా ఉంది, నువ్వు రా." బోరు ఎండిపోతోంది, రసాల మామిడి చెట్లు వాడిపోతున్నాయి. ఊట కుంటకి పర్మిషన్ రాకపోతే తోట కొట్టించేస్తానంటున్నాడు పెదనాన్న. వెళ్ళకుండా ఎలా?

ఏడున్నరకి నూజివీడు బస్టాండులో విస్సన్నపేట బస్సెక్కాను. ఆడవాళ్ళకి టికెట్టు ఫ్రీనే, సీటే దొరకదు. పూలబుట్ట నా ఒళ్ళో పెట్టేసి ఒకావిడ, "సర్దుకో తల్లీ, బుట్టకీ ఫ్రీయే" అంది. నవ్వాపుకోలేకపోయాను. దిగి షేర్ ఆటోలో ఊళ్ళోకెళ్ళాను. మీరు వెళ్తే మాత్రం టిఫిను విస్సన్నపేటలోనే చేసేయండి, ఆ తర్వాత టీ కొట్టు కూడా లేదు.

ఆఫీసరంటే ఒక ఇంజనీరు మేడమ్, అప్పటికే వచ్చేశారు. కుంట తవ్వాలన్న చోట గొయ్యి తీయించి, నీళ్ళు పోయించి, పుల్లతో గుర్తు పెట్టారు. "వాగు చూసొస్తామండీ" అని పెదనాన్నని వెంటబెట్టుకుని అటు వెళ్ళారు.

కాసేపటికి నీళ్ళు జానెడు దిగిపోయాయి. పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "నీళ్ళు నిలవని చోట కుంటెవరిస్తారే!" ఇద్దరం బిందెలతో పరుగో పరుగు. గుర్తు దాకా నింపేశాం.

మేడమ్ తిరిగొచ్చి చూసి నిట్టూర్చారు. "అస్సలు ఇంకలేదండీ. ఊట కుంటంటే నీళ్ళు భూమిలోకి దిగి బోర్లకి అందాలి. ఇక్కడ కుదరదు."

"అమ్మా, మేమే పోశామమ్మా!" అని పెద్దమ్మ చేతులు జోడించేసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అన్నాడు పెదనాన్న.

మేడమ్ తిడతారనుకున్నాను. పకపకా నవ్వేశారు. "మళ్ళీ మొదట్నించీ కొలుద్దాం. ఆ బిందెలు మాత్రం నా దగ్గర పెట్టండి."

నిజంగానే చెట్టు కింద బిందెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మా పప్పన్నమే తిన్నారు. "పర్మిషన్ ఇచ్చేది నేను కాదు పెద్దమ్మగారూ, రాసి పైకి పంపిస్తాను. కానీ చూడంది రాయను" అన్నారు. నీళ్ళు బాగా దిగాక, ఈ చోటు పనికొస్తుందని రాశారు. ఇక పైనుంచి ఆర్డరు రావాలి.

సాయంత్రం తిరుగు బస్సులో సీటు దొరికింది. సంతకం కోసం జనం కాళ్ళరిగేలా తిరగడం చాలాసార్లు చూశాను. సంతకం పెట్టే మనిషే గోతికి కాపలా కూర్చోవడం ఇదే చూడ్డం. ఎంత నచ్చేశారో ఆవిడ!

ఇంతలో పెద్దమ్మ ఫోను. "గోతిలో చుక్క లేదే!"

నేను చప్పట్లు కొట్టేశాను. పక్కనున్న తాతగారు అదోలా చూశారు. "నీళ్ళు లేవంటే అంత సంతోషమేంటమ్మా?"

"మా తోట బతికేలా ఉందండీ" అన్నాను.