పుస్తకంలో లేని వారం

ఈ ఉదయం బీరువాలోంచి కొత్త నేతచీర తీసి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. అమలాపురంలో ఒక బడివాళ్ళు, కథలు రాయడం ఎలా నేర్చుకోవాలో పిల్లలకు చెప్పమని పిలిచారు. ఇలాంటి చోటికి ఇలాంటి చీర కట్టుకెళ్తే పెద్దరికంగా ఉంటుందని నాకో పిచ్చి. ఆ వాసనకి నా పెద్దరికంతో పనిలేదు. అది నన్ను తిన్నగా బండారులంకలో మా అరుగు మీదికి లాక్కెళ్ళి, పన్నెండేళ్ళ పిల్లని చేసి, తల దించుకునేలా కూర్చోబెట్టింది.

మా వీధి వీధంతా మగ్గాలే. వానాకాలం వస్తే మగ్గం గుంటల్లో చెమ్మ ఊరి, పోగులు సాగిపోయి, మగవాళ్ళు పని ఆపి బీడీలు కాల్చుకుంటూ ఆకాశాన్ని తిట్టేవారు. ఆడవాళ్ళకి మాత్రం తీరికుండేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రాట్నాలు పట్టుకొచ్చి, మా అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుట్టేవారు. శ్రావణమాసమైతే ఒడిలో వాయనం శనగలు, చూరు నుంచి ధారలు, తడిమట్టి, గంజి, ఎవరింట్లోనో మాగిన ఆఖరి పనసకాయ, అన్నీ కలిసిన వాసన. వాళ్ళ మధ్య వారపత్రిక పట్టుకుని సీరియల్ చదివి వినిపించే నేను. మా నాయనమ్మయితే వ్రతకథ విన్నట్టు చేతిలో అక్షింతలు పట్టుకుని మరీ వినేది. కథలోని ఇందుమతి అనే కోడలి కష్టాలకి మా వీధిలో ఎన్ని ముక్కులు చీదేవారో లెక్కలేదు.

ఒక వారం గోదావరికి వరదొచ్చి, బస్సులు తిరగక, పత్రిక రాలేదు. "ఇందుమతి ఏమైందే అమ్మడూ?" అని పొద్దున్నుంచీ అడిగినవాళ్ళే. రాలేదంటే నా చుట్టూ ఎవరు కూర్చుంటారు? నోటుబుక్కులో కాగితాలు చింపి, నాలుగు పేజీలు రాసి, పాత సంచికలో దాచి చదివేశాను. ఎవరూ పోల్చుకోలేదు. మగ్గం మీద నిలువు పోగులైన పాత పడుగు కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో మెలిపెట్టి, అతుకు కనబడకుండా కలపడం మా ఇళ్ళలో ఆడపిల్లలందరికీ వచ్చిన పనే. నేనా పని మాటలతో చేశాను. ఆ తర్వాత పత్రిక వచ్చినా నాదే చదివేదాన్ని. ఎక్కడ ఆపితే రాట్నం ఆగుతుందో, ఏ మాటకి నాయనమ్మ కన్ను చెమ్మగిల్లుతుందో ఆ అరుగు మీదే తెలిసింది. ఇవాళ నాకు నాలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆ వానాకాలం చలవే.

మా పక్కింటి రత్నం అత్తయ్యగారి భర్త సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళి అప్పటికి మూడేళ్ళు. ఆవిడకి చదువు రాదు. నెలకోసారి నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, బియ్యం డబ్బాలోంచి ఉత్తరం తీసి చదవమనేవారు. విన్నాక నా చేతిలో బెల్లంముక్క పెట్టి, అరుగు మీదికొచ్చి, "మా ఆయన ఉత్తరం రాసేరండీ, కులాసాగా ఉన్నారంట" అని అందరికీ చెప్పేవారు. ప్రతి నెలా అదే ఉత్తరం. ఒక మూల పసుపు మరక, మడతల దగ్గర చిరుగులు. నాకు తెలిసిపోయిందని ఆవిడకీ తెలిసిపోయింది. "ఎవరితోనూ అనకే తల్లీ" అన్నారు. ఒట్టేశాను. నోటితో ఎవరికీ చెప్పలేదు కూడా.

రాశాను. ఒక వారం సీరియల్‌కి ఏం రాయాలో నాకేమీ తోచలేదు, అంతకు మించి కారణం లేదు. ఇందుమతి బియ్యం డబ్బాలోంచి పాత ఉత్తరమే తీసి చదివించుకుని, కొత్తదొచ్చిందని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటుందని, పసుపు మరకతో సహా రాసి, రాసినందుకు మురిసిపోయి, గొంతు వణికించి మరీ చదివాను. రాట్నాలన్నీ ఆగిపోయాయి. భలే రాశాననుకుని తలెత్తితే ఎవరూ నా వంక చూడటం లేదు. అందరూ రత్నం అత్తయ్యగారినే చూస్తున్నారు. మా అమ్మ నేల చూస్తోంది.

"అది పుస్తకంలోనే ఉందా అమ్మడూ?" అన్నారావిడ.

"ఆయ్, ఉందండీ."

"ఏదీ, ఇలాగియ్యి."

ఇచ్చాను. చదువు రాకపోతేనేం, అచ్చుకీ పెన్ను సిరాకీ తేడా తెలియదా? నా నీలం అక్షరాల మీద ఆవిడ వేలు కాసేపు ఆగింది. పత్రిక మూసి, "పుస్తకంలోనే ఉందండీ. పాపం, ఇందుమతి" అన్నారు అందరితో. తన గుట్టు దాచుకోవడానికే అలా అన్నారని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆవిడ పత్రికతో పాటు తన ఒడిలోని శనగలు కూడా గుప్పెడు తీసి నా చేతిలో పోశారు. దానికి మాత్రం నా దగ్గర సర్దుబాటు లేదు.

మరి నన్ను వంటింట్లోకి పిలవలేదు. ఉత్తరం మాట అరుగు మీద ఎత్తనూ లేదు. నెలకొక్కరోజు ఆవిడకుండిన ఆ కాస్త సంబరాన్ని నాలుగు పేజీల కోసం నేను ఊడబెరికాను. ఆవిడ ఆలమూరులోని పుట్టింటికి వెళ్ళిపోయాక క్షమించమని అడగడానికి వీలు పడలేదని చెప్పుకుంటాను. అదీ అబద్ధమే. ఆలమూరుకి బస్సులు లేకనా?

ఇప్పుడా అరుగు లేదు. రాట్నాలు అటకెక్కాయి, సీరియళ్ళు టీవీలోకి పోయాయి. పిల్లలు తమకు నచ్చిన కథల్ని ఫోన్లలో పొడిగించి రాసుకుంటున్నారు. మంచి సాధన, రాయండర్రా అని బడిలో చెప్పాను. వరద, రాని పత్రిక, నాయనమ్మ అక్షింతలు, అన్నీ చెబితే పగలబడి నవ్వారు. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "అందరూ నమ్మేసేరాండీ? ఎవరూ కనిపెట్టలేదాండీ?" అంది.

"లేదమ్మా, ఎవరూ కనిపెట్టలేదు" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.