పక్కచేను బావ చేసిన సాయం

ఊళ్లో అందరూ అతన్ని నెమ్మదాయన అంటారు. తుమ్మాలన్నా పక్కవాళ్లు ఉలిక్కిపడతారేమోనని చూసుకునే మనిషి. వరసగా రెండేళ్లు పత్తి నిలువునా ముంచాక, చేను కొసన అరెకరంలో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచసాగాడు. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గదీ పురుగులకిచ్చి, ఆలుమగలు వసారాలోకి మారారు. కాళ్లు కడుక్కోనిదే భార్య ఆ గడప తొక్కేది కాదు.

"నాకు జ్వరమొచ్చినా ఇంత సేవ చెయ్యవు గదే."

"నువ్వూ గూడు కట్టు, చేస్తాను."

ఈ ఒక్క పంట చేతికొస్తే ఇక పత్తి ముఖం చూసి బతకక్కర్లేదని ఇద్దరి ఆశ.

పురుగులు చివరి మేతకొచ్చాయి. అవి ఆకు తింటుంటే గదంతా సన్నటి జల్లు పడుతున్నట్టుండేది. కోసిన ఆకు కోసినట్టే అయిపోతోంది. ఇద్దరికీ ఊపిరి సలపలేదు. సరిగ్గా అప్పుడే మిగతా చేలో ఉన్న పత్తికి తెగులు పట్టింది. అది పక్కచేను బావ కంటపడింది. చిన్నప్పటినుంచీ ఒకరి చేలో ఒకరు చెమటోడ్చినవాళ్లు. పాపం తీరిక లేక వదిలేశాడనుకుని, తన పంపు, తన మందు తెచ్చి, నెమ్మదాయన పత్తికంతా కొట్టేశాడు. చెబితే మొహమాటపడతాడని చెప్పలేదు. గాలి మల్బరీ వైపు వీస్తోంది.

ఆ సాయంత్రం కోసిన ఆకే పురుగులకు వేశారు. తెల్లారేసరికి గదిలో చప్పుడు లేదు. పురుగులన్నీ పచ్చగా కక్కుకుని, ముడుచుకుపోయి ఉన్నాయి. భార్య ఒక్కో తట్టనూ మెల్లిగా తాకి చూసింది. అతను ఆకు వాసన చూశాడు. చేనుకెళ్లి పత్తి ఆకు వాసన చూసొచ్చాడు. గట్టు మీద పంపు దించిన మందు మరక, అక్కణ్ణుంచి బావ చేనువైపు అడుగుల జాడ ఇంకా ఉన్నాయి.

"బావ కొట్టాడే."

"ఇప్పుడే వెళ్లి ఆ అన్నయ్యను కడిగేస్తాను!"

"వద్దు. తెలిస్తే వాడు అన్నం తినడు."

"మరి మనం తింటామా?"



మధ్యాహ్నం బావ నవ్వుకుంటూ వచ్చాడు. "పత్తి చూశావా? కళకళలాడుతోంది! మల్బరీ జోలికి మాత్రం పోలేదులే." ఇంతలో గదిలోకి తొంగిచూసి ఆగిపోయాడు. "ఏమైందిరా?"

"రోగం తగిలింది బావా."

"అయ్యో! ముందే చెబితే దీనికీ ఏదో ఒక మందు తెచ్చి కొట్టేవాణ్ణి గదరా!"

భార్య కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకెళ్లిపోయింది.

పురుగుల్ని పూడ్చడానికి గొయ్యి తవ్వింది బావే. కుక్కలు కెలక్కుండా లోతుగా, ఓపిగ్గా తవ్వాడు. దేవుడు అతనికి వెన్నలాంటి మనసిచ్చాడు, నేను కాదనను. మళ్లీ పురుగులు తెచ్చుకునే స్తోమత లేక, నెమ్మదాయన ఆ అరెకరంలోనూ పత్తే వేశాడు. మల్బరీ మొదళ్లు పెకలించడానికి పిలవకముందే గడ్డపార పట్టుకుని వచ్చాడు బావ.