దేవుడి మందిరం ఒక్కటి తప్ప

పెళ్లికూతురి ఒళ్లో బొద్దింక పడింది. మా షాపులోనే, నా చేత్తో నేను విప్పి పరిచిన చీర మడతల్లోంచి పడింది. లేత పసుపు మంగళగిరి చీర, గంజి బిరుసు ఇంకా పోలేదు. ఆ అమ్మాయి, వాళ్లమ్మ, ఇద్దరు మేనత్తలు ఒక్కసారిగా పరుపు మీంచి లేచి నిలబడ్డారు. ఎవరైనా అరిచినా బాగుండేది. అమ్మాయి చున్నీ దులుపుకుంది. వాళ్లమ్మ మళ్లీ వస్తామండీ అని చెప్పులు వేసుకుంది. ఆ వేసుకున్న తీరులోనే ఇంక రారని తెలిసిపోయింది.

బెజవాడ గవర్నరుపేటలో ఓ మూడంతస్తుల కాంప్లెక్స్‌లో పైమెట్టెక్కగానే ఎదురయ్యే చేనేత చీరల షాపు నాది. మావారు కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు, వ్యాపారంలో వేలు పెట్టరు. శుభ్రం విషయంలో నన్ను భరించడం కష్టమని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెబుతారు. అందులో అబద్ధం లేదు. షాపులోకి చెప్పులతో ఎవరినీ రానివ్వను. పనిచేసే అమ్మాయిలిద్దరూ వరండాలో తిని, చేతులు కడుక్కుని లోపలికి రావాలి. రోజుకి రెండుసార్లు ఫినాయిల్‌తో తుడిపిస్తాను. అలాంటి షాపులో బొద్దింక.

నిజం చెప్పాలంటే అది మొదటిది కాదు. ఏడాదిగా చిన్న చిన్నవి కనిపిస్తూనే ఉన్నాయి. బిల్లింగ్ కౌంటర్ సొరుగులో, ట్యూబ్‌లైటు పట్టీ వెనక, చీరల అరల్లో. గంజి రుచి మరిగాయి కాబోలు, తెల్ల చీరల మీద గోధుమరంగు చుక్కలు పెట్టేవి. మూడుసార్లు మనుషుల్ని పిలిచి మందు కొట్టించాను. అరలు ముందుకు లాగించాను, పరుపులు ఎత్తించాను, ఒక్క మూల వదల్లేదు. దేవుడి మందిరం ఒక్కటి తప్ప. దాని మీద పట్టుబట్ట కప్పి, పంపు పట్టుకున్న మనిషికి అడ్డంగా నేనే నిలబడేదాన్ని. దేవుడి మీద విషం కొట్టిస్తామా ఎవరమైనా? మందు కొట్టిన వారం ఊపిరి పీల్చుకునేదాన్ని, పదిహేనో రోజుకి మళ్లీ మామూలే.

పెళ్లివాళ్లు మెట్లు దిగుతుండగానే నా కోపం కూడా వాళ్ల వెనకే కిందికి దిగింది. మా కింద ఓ కర్రీ పాయింట్ ఉంది. ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు నడుపుతారు. పదకొండయ్యేసరికి దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, ముక్కల పులుసు, చారు గిన్నెల నిండా సిద్ధంగా ఉంటాయి. ఆఫీసులవాళ్లు కవర్లలో కట్టించుకుని వెళుతుంటారు. వండే చోటే కదా బొద్దింకలుండేది, ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను. అనుకున్నట్టే ఆలోచించలేదు. నువ్వు చూశావా కింది నుంచి రావడం అని మావారు అడిగారు. చూడాలా, తెలియడం లేదా అన్నాను.

ఆ సాయంత్రమే, కర్రీ పాయింట్‌ని ఖాళీ చేయించమని బిల్డింగు ఓనరు గారికి ఉత్తరం రాశాను. కాంప్లెక్స్ అసోసియేషన్‌కి సెక్రటరీని నేను. ఎవరూ ఒప్పుకోకపోతే నా నెత్తిన పడిన పదవి అది. టైలరు, జిరాక్స్ అతను, పళ్ల డాక్టరు గారు, అందరూ సంతకాలు చేశారు. వాళ్ల దగ్గరా తిరుగుతున్నాయట. బిల్డింగు ఓనరు గారు హనుమాన్ జంక్షన్‌లో ఉంటారు. మూడో రోజున కారులో వచ్చి, దిగి రెండు నిమిషాలు మాట్లాడి, నెలాఖరుకి ఖాళీ చేయమని కర్రీ పాయింట్ వాళ్లకి చెప్పేశారు. ఆయన కారెక్కాక ఆ భర్త నా దగ్గరికొచ్చి, ఒక్కసారి లోపలికొచ్చి మా వంటిల్లు చూడండమ్మా అన్నాడు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చూడక్కర్లేదన్నాను. ఆ కొంగు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ కర్రీ పాయింట్ అతని భార్య సంగతి చెప్పాలి. ప్రతి శుక్రవారం నేను షాపు తీసి దీపం పెట్టే వేళకి, ఆవిడ చిన్న స్టీలు గిన్నెలో చక్రపొంగలి పట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చేది. పొయ్యి మీంచి దింపిన మొదటి గరిటె మా మందిరంలో దేవుడికే. దణ్ణం పెట్టుకుని, ఎక్కువ మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఉత్తరం వెళ్లాక వచ్చిన శుక్రవారం కూడా తెచ్చింది. నేను మొహం చూపించలేక షాపులో పనిచేసే అమ్మాయి చేత గిన్నె తెప్పించుకున్నాను. ఆ వంటగది నిండా బొద్దింకలని సంతకాలు పెట్టించిన నేనే, ఆ వంటగదిలో వండిన పొంగలిని ఆకులో పెట్టి నైవేద్యం పెట్టాను. రెండూ చేస్తున్నది నేనొక్కదాన్నేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

కొత్తవాళ్లకి అద్దెకిచ్చే ముందు బిల్డింగు మొత్తానికి ఒకసారి మందు వేయించేద్దామని ఓనరు గారు పెస్ట్ కంట్రోల్ మనిషిని పంపారు. ముప్పయ్యేళ్లుంటాయి, కళ్లజోడు, భుజాన సంచి. పంపూ గింపూ ఏమీ లేదు. సంచిలోంచి పోస్టుకార్డు సైజు జిగురు అట్టలు తీసి, ఒక్కోదాని మీద షాపు నంబరు, పెట్టిన చోటు పెన్నుతో రాసి, ప్రతి షాపులోనూ రెండు మూడు చోట్ల పెట్టాడు. వారం దాకా కదపొద్దన్నాడు. అట్టముక్కలతో చస్తాయా బాబూ అని నవ్వాను. ముందు అవి ఏ రకమో, ఎక్కడున్నాయో తెలియాలి మేడమ్, ఆ తరవాతే మందు అన్నాడు. ఈయనెవరో చాదస్తుడు దొరికాడనుకున్నాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం, షాపులన్నీ మూసి ఉన్నప్పుడు వచ్చి అట్టలన్నీ ఏరుకున్నాడు. సెక్రటరీని కాబట్టి నన్ను రమ్మన్నాడు. మా కౌంటరు మీద పాత పేపరు పరిచి, షాపుల వరసలో పెట్టాడు. ముందు కర్రీ పాయింట్‌వి చూపించాడు. మూడు అట్టలు. రెండు ఖాళీ. కాలవ జాలీ దగ్గర పెట్టినదానికి ఒక్కటే ఒక్క పెద్ద ఎర్రటి బొద్దింక అతుక్కుని ఉంది. పళ్ల డాక్టరు గారి దగ్గర చిన్నవి రెండు, జిరాక్స్ దగ్గర మూడు. తరవాత మావి పెట్టాడు. మొదటి అట్ట మీద ఏడెనిమిది. రెండోదాని మీద అంతకి రెట్టింపు. మూడో అట్ట మీద అట్టే కనపడటం లేదు. ఒకదాని మీద ఒకటి, పెద్దవీ పిల్లలూ, కొన్ని ఇంకా మీసాలు కదుపుతున్నాయి. అతను పెన్ను మొనతో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేశాడు.

అట్టలు మారిపోయాయన్నాను. అతను మూడో అట్ట తిప్పి చూపించాడు. మా షాపు నంబరు, పక్కన 'మందిరం కింద' అని అతని దస్తూరీలోనే ఉంది.

తరవాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఆ పెద్దది డ్రైనేజీలో ఉండే రకం, జాలీకి సరైన మూత వేస్తే పైకి రాదు. మా దగ్గరున్నవి వేరే రకం. లేత గోధుమ రంగు, మెడ మీద రెండు నల్ల గీతలు. ఇవి కాలవలోంచి రావు, ఎప్పుడో ఏ అట్టపెట్టెలోనో వచ్చి, లోపలే పుట్టి లోపలే పెరుగుతాయట. వెచ్చగా ఉండాలి, తిండీ నీళ్లూ అందుబాటులో ఉండాలి. అలాంటి చోటు దొరికితే దాన్ని వదలవట. మందు కొట్టినప్పుడల్లా చెదిరి, వైరు పైపుల వెంట పక్క షాపుల్లోకి వెళ్లి ఉంటాయన్నాడు. నా షాపులో మెతుకు రాలనివ్వను అన్నాను. అతను మూడో అట్ట వైపు చూసి, మందిరం ఒకసారి తీసి చూడాలి మేడమ్ అన్నాడు.

కుదరదన్నాను. షాపు తెరిచిన రోజున పంతులుగారు పెట్టించిన చోటు, అప్పటి నుంచి అంగుళం జరపలేదని చెప్పాను. అతను వాదించలేదు. వరండాలోకి వెళ్లి బూట్లూ సాక్సూ విప్పి, కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, మందిరానికి దణ్ణం పెట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"మీరే తీయండి మేడమ్. నేను ముట్టుకోను."

అంత మర్యాదకి ఇంకేం అడ్డు చెప్పను? పటాన్ని రెండు చేతులతో ఎత్తాను. వెనక గోడ కదిలింది. గోడే కదిలిందనుకున్నాను, ఒక్క క్షణం. అవన్నీ వెలుతురికి నాలుగు వైపులకీ పారాయి, నా చేతుల మీద నుంచి, మోచేతుల దాకా. పటం వదిలేయకుండా ఎలా నిలబడ్డానో తెలియదు. పటం వెనక అట్ట చిరిగి ఉంది, దాని నిండా మిరియాల పొడిలా రెట్ట, పొట్టు, ఖాళీ గుడ్ల తిత్తులు. గుప్పున వాసన. ఆ వాసన నాకు తెలుసు. పాత నూనె, కర్పూరం కలిసిన వాసన అనుకుంటూ రోజూ అక్కడే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

ఇంకా అయిపోలేదు. మందిరంలో చిన్న ప్లాస్టిక్ మంత్రాల పెట్టె ఉంటుంది, ప్లగ్గులో పెడితే పగలూ రాత్రీ మంత్రం చదువుతూనే ఉంటుంది. షాపు మూసినా దాన్ని ఆపం. అతను నా చేత వైరు తీయించి, నన్నడిగి దాని కింది మరలు విప్పాడు. లోపల వెచ్చగా ఉంది. పిల్ల బొద్దింకలు పేపరు మీద రాలి పరుగెత్తాయి. మంత్రం ఇన్నాళ్లూ వాటి మధ్య నుంచి వస్తూ ఉంది.

మందిరం వైపు చూశాను. పళ్లెంలో బెల్లం ముక్క, శనివారం దాకా తీయని పొంగలి ఆకు, చెంబులో నీళ్లు, ఎర్ర బల్బు, మంత్రాల పెట్టె వెచ్చదనం. అన్నీ నా చేత్తో నేను అమర్చినవే. పైగా మూడుసార్లు మందు కొట్టినప్పుడు మీద పట్టుబట్ట కప్పి కాపాడాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. చాలా చోట్ల ఇంతే మేడమ్, ఆ ఒక్క చోటూ ఎవరూ తీయనివ్వరు అని మాత్రం అన్నాడు.

అక్కడి నుంచే ఓనరు గారికి ఫోన్ చేశాను. తప్పు నాదని, వాళ్లని పంపొద్దని చెప్పాను. ఆయన విన్నారు. సెల్‌ఫోన్ల షాపువాళ్ల దగ్గర అడ్వాన్సు తీసేసుకున్నానని, ఎల్లుండి నుంచి వాళ్లు రంగులు వేయించుకుంటున్నారని, ఇప్పుడు మాట మార్చలేనన్నారు. ఆ తరవాతి రోజుల్లో, తప్పు నాదేనని రెండో ఉత్తరం రాసి అసోసియేషన్‌లో అందరి ముందూ చదివాను. పెస్ట్ కంట్రోల్ అతను పెట్టిన గింజంత జెల్ మందు చుక్కలకి నెలన్నరలో మా షాపులో ఒక్కటీ మిగల్లేదు. ఆ ఉత్తరం వల్ల గానీ ఆ మందు వల్ల గానీ కింద వాళ్ల షాపు వాళ్లకి తిరిగి రాలేదు.

ఆ ఆదివారం ఫోన్ పెట్టేసి నేరుగా కిందికి వెళ్లాను. షట్టరు సగం ఎత్తి ఉంది. గిన్నెలు, పొయ్యిలు బయట ఆటోలోకి ఎక్కించేశారు. లోపల భర్త బకెట్లతో నీళ్లు పోస్తున్నాడు, భార్య కూర్చుని గట్టు కింద బ్రష్షుతో రుద్దుతోంది. ఆరోజు మొదటిసారి ఆ వంటిల్లు చూశాను. గోడల టైల్సు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఆ బొద్దింకలు మావేనండి," అన్నాను. "మా దేవుడి మందిరంలోవి."

భర్త బకెట్టు కింద పెట్టాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆశ్చర్యం లేదు మొహంలో.

"తెలుసండి. పొంగలి తెచ్చినప్పుడు చూసేదాన్ని. పటం వెనక్కి పోతా ఉండేయి."

ఆవిడకి ముందే తెలుసు. తెలిసి, ఉత్తరం వెళ్లినప్పుడు నోరు విప్పలేదు. ఖాళీ చేయమన్నప్పుడూ నోరు విప్పలేదు. తెలిసే ఆ శుక్రవారం కూడా పొంగలి పట్టుకొచ్చింది.

"మరి చెప్పొచ్చు కదండీ," అన్నాను.

ఆవిడ గొంతులో కోపం లేదు. ఏదో ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"మీ దేవుడి పటం ఎనక బొద్దింకలున్నాయని నేను చెబితే, మీరు నమ్మేవోరాండీ?"

నమ్మేదాన్ని కాదు. తిట్టేదాన్ని. నీ పొంగలి తినే దేవుడి మీదే నింద వేస్తావా అని ఇంకో ఉత్తరం రాసేదాన్ని. ఆవిడ మళ్లీ బ్రష్షు అందుకుంది. కొత్తవాళ్లకి శుభ్రంగా అప్పజెప్పాలి కదండీ అంటూ, నన్ను కొంచెం పక్కకి జరగమంది. అప్పుడు చూసుకున్నాను. ఆవిడ కడిగిన నేల మీద నేను చెప్పులతో నిలబడి ఉన్నాను.