నేను చదవకుండా దించిన లైను

కర్నూలులో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో, బేతంచెర్లలోని ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి చిన్న ప్రోగ్రాం రాసిస్తానని ఒప్పుకున్నాను. యార్డులో ఏ సైజు బండలు ఎన్ని ఉన్నాయో కంప్యూటర్‌లో కనబడాలి, అంతే. జావా నుంచి డేటాబేస్‌లోకి సమాచారం దాచే జేపీఏ అనే పద్ధతిని అప్పుడే మొదలుపెట్టాను. వాళ్లతో మాత్రం బాగా వచ్చనే చెప్పాను.

ఇంటర్నెట్‌లో దొరికిన పాఠం ముందు పెట్టుకుని 'బండ' అని ఒక క్లాసు రాశాను. దాని పైన ఎంటిటీ అని ఒక గుర్తు పెట్టగానే డేటాబేస్‌లో పట్టిక దానంతటదే తయారైంది. ఆ సంబరంలో పాఠంలోని సెట్టింగుల ఫైలును చదవకుండా ఉన్నదున్నట్టు దించేశాను.

ఫ్యాక్టరీలో స్టాకు రాసే అక్క, దుమ్ము పట్టిన పుస్తకం చూస్తూ, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ ఆరు రోజులు వివరాలన్నీ ఎక్కించింది. నేను చెప్పినట్టే అన్నాళ్లూ కంప్యూటర్ ఆపలేదు. ఏడో రోజు నేను వెళ్లి, చిన్న మార్పు చేసి, ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపాను. పట్టిక ఖాళీగా వచ్చింది.

"యాడికి పోయినాయప్పా అన్నీ? నేనేమన్నా తప్పు నొక్కినానా?" అంది అక్క.

ఫైలు తెరిచాను. 'డ్రాప్ అండ్ క్రియేట్' అని ఉంది. ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ పాత పట్టికలు తీసేసి కొత్తవి కట్టమని దాని అర్థం. వెనక ఓనరు నిలబడి ఉన్నాడు.

"ఏదో నొక్కి ఉంటారు," అన్నాను.

"ఆయమ్మకు ఇది చేతగాదని నేను చెప్తానే ఉండా," అన్నాడాయన. అక్క తల వంచుకుంది. ఆ లైను నేను గుట్టుగా తీసేశాను.

ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. రెండు రోజులు గంటకోసారి ఫోన్. "ఇది నొక్కితే ఏం కాదు గదప్పా?" ఆ గొంతులో భయం వింటుంటే అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున్నే రైలెక్కి వెళ్లి, ఇద్దరి ముందూ నిజం చెప్పాను.

"ఆ పొద్దే చెప్పింటే అయిపోయేది గదప్పా," అన్నాడు ఓనరు.

"నాకు కంప్యూటర్ రాదని మా బిడ్డతో కూడా చెప్పుకుంటినప్పా," అంది అక్క. అని మళ్లీ టైపు చేయసాగింది.

ప్రోగ్రాం ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. ఏదైనా మార్పు కావాలంటే అక్కే ఫోన్ చేస్తుంది. పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడదు.