షట్టరు దించినాక అన్నం

నంద్యాలలో వాసవాంబ కిరాణా కొట్టు ముందు మధ్యాహ్నం పన్నెండు గంటలకు నిలబడి చూస్తే, ఈమె అన్నం ఎప్పుడు తింటుందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. పగిడ్యాల, కొత్తపల్లె వైపు నుంచి పొద్దున బస్సుల్లో దిగిన జనం పనులన్నీ చూసుకొని సరుకులకు వచ్చేది సరిగ్గా అప్పుడే. మూడింటికల్లా మళ్లీ బస్సెక్కాలి. ఆ మూడు గంటలూ కాటా ఖాళీగా ఉండదు.

అందుకే ముప్పై నాలుగేళ్ల కిందట కాపురానికొచ్చిన ఏడాదే ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున కాఫీ. పదింటికి గుప్పెడు బొరుగులు, పుట్నాలు. మధ్యాహ్నం పెద్ద గ్లాసుడు మజ్జిగ. నాలుగింటికి జామకాయ దొరికితే జామకాయ, లేకుంటే లేదు. సాయంత్రం ఏడున్నరకు షట్టరు దించి, స్నానం చేసి కూర్చుందంటే మాత్రం, అదీ భోజనం. జొన్నరొట్టె, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి, పప్పు, అన్నం, గడ్డపెరుగు. భర్త మహానందయ్యదీ అదే పద్ధతి. ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఆమె కంచంలో నెయ్యి ఆయనే పోసేవాడు, ఆమె చేతికిస్తే పిసినారితనం చేస్తుందని ఆయన ఫిర్యాదు. పగలు కొట్లో చెప్పుకోలేని మాటలన్నీ ఆ గంటలోనే చెప్పుకునేవాళ్లు.

మొన్న మాఘమాసంలో మహానందయ్య గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజున, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆయన అక్క ఓబుళమ్మ బంధువులందరి ముందూ తీర్పు చెప్పేసింది.

"ఇంగ రాత్రిపూట అన్నం ముట్టగూడదు వాసవీ. మధ్యాన్నం ఒకపూట తిను. రాత్రికి ఇంత ఉప్మానో, అటుకులో. మన ఇండ్లల్లో మొగుడు పోయినోళ్లు చేసేది అదే."

కొడుకు జయప్రకాష్ తల్లిని పక్కకు పిలిచి, "అత్త పెద్దది మా. ఏడాది తిరిగేదాకా ఓపిక పట్టు" అన్నాడు. ఓపిక! ఆ మాట చెప్పడానికి అతనికి పోయేదేముంది, అతని కంచం అతని ముందే ఉంది కదా.

దుఃఖంలో ఉన్న మనిషి, వాసవాంబ సరేనంది. మధ్యాహ్నం కొట్లోకి క్యారియర్ వచ్చేది. కాటా ముందు ఆరుగురు కాచుకొని ఉండగా గబగబా నాలుగు ముద్దలు మింగేది. అలవాటు లేని కడుపు ఊరుకుంటుందా? కళ్లు మూతలు పడేవి. ఒకరోజు కూర్చున్నచోటే గురక పెట్టింది. కొట్లో ఇరవై ఏళ్లుగా మూటలు మోసే ఖాజా పీర్, వచ్చినవాళ్లకు "శెట్టెమ్మ జపం చేస్తాంది, రోంతసేపు ఉండండి" అని సర్దిచెప్పాడు. గురక పెట్టే జపం ఊళ్లో ఎవరూ ఎరగరు. ఇంకోరోజు పెసలు అడిగిన పెద్దమనిషికి మినుములు కట్టి పంపింది. ముప్పై నాలుగేళ్లలో ఆమె చేతి నుంచి తప్పు సరుకు పోవడం అదే మొదలు.

అదైనా ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది రాత్రి. కోడలు సౌమ్య కుక్కరు మూత తీస్తే వేడి అన్నం వాసన ఇల్లంతా కమ్ముకునేది. తన ముందు గిన్నెలో ఉప్మా. ఎదురుగా ఖాళీ పీట. మనిషి పోయాడు, సరే. ఆ మనిషితో కూర్చున్న గంట కూడా పోవాలా? ఆకలికి నిద్ర పట్టేది కాదు, కోపానికి అసలే పట్టేది కాదు.

అట్లా నలభై రోజులు చూసింది. మర్నాడు షట్టరు దించి, స్నానం చేసి వచ్చి, కంచం తనే పెట్టుకొని కూర్చుంది.

"సౌమ్యా, అన్నం పెట్టు."

సౌమ్య భర్త వైపు చూసింది.

"వాని మొగం చూసేదేందీ? ఆకలి నాది."

ఆ కబురు ఆళ్లగడ్డకు చేరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి ఎనిమిదింటికి, సరిగ్గా వాసవాంబ కంచం ముందు కూర్చున్న వేళకు, ఓబుళమ్మ గడపలో నిలబడింది. డెబ్బై రెండేళ్ల మనిషి, చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు.

"నిజమేనా నేను ఇన్నింది?"

"నిజమే వదినా. కండ్లారా చూడు, కూర్చో."

"నా తమ్ముడు పోయి రెండు నెల్లు గాలేదు. నీకు రాత్రి అన్నం గావాల్నా?"

"నీ తమ్ముడు ఉన్నన్నాళ్లూ నేను అన్నం తినే పొద్దు ఇదే. పగలంతా మజ్జిగతో కొట్లో నిలబడి, ఆయనకు ఎదురుగా కూర్చోని తిన్యా. ఆయన పోయినాడని ఇంకోరి మాదిరి తినల్నా? ఏడాది తిరిగినాంక గూడా ఇట్లనే తింటా. ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్తా."

"మా..." అన్నాడు జయప్రకాష్.

"నువ్వు తిను నాయనా" అని వాసవాంబ అతని నోరు మూయించింది.

అప్పుడు ఓబుళమ్మ గొంతు మారింది.

"నేను ముప్పై రెండుకు ముండమోసినా. నలభై ఏండ్లు. ఒక్క రాత్రి అన్నం మెతుకు ముట్టలేదు. పిల్లోళ్లు తింటాంటే పక్కగదిలో పండుకుంటి. ఈ పొద్దు నువ్వు దర్జాగా తింటే, నేను కడుపు మాడ్చుకునిందంతా ఏమైపోవాల? ఉత్తదేనా?"

వాసవాంబకు అంతవరకూ ఆమె మీదున్న కోపం ఒక్కసారిగా దారి మళ్లింది. ఈ మనిషిని నలభై ఏళ్లు పక్కగదిలో పడుకోబెట్టిన వాళ్లందరి మీదికీ పోయింది. వాళ్లలో సగంమంది చచ్చిపోయారు. కడుపు నిండా తినే పోయారు.

"ఉత్తదే వదినా" అంది. "నిన్ను ఆకలితో పండబెట్టినారు. అది నీ తప్పు గాదు. నన్ను గూడా పండబెట్టేదానికి బస్సెక్కి వచ్చినావు చూడు, అది నీ తప్పు."

లేచి ఇంకో కంచం తెచ్చింది. వేడి అన్నం, పప్పు వడ్డించి, మహానందయ్య కూర్చునే పీట ముందు పెట్టింది. ఓబుళమ్మ సంచి దించి, ఆ కంచం వైపు చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు.

"నాకొద్దు. ఇంగ నా కడుపుకు పడదు" అంటూ కంచాన్ని పక్కకు జరిపి, పీట మీద కూర్చుంది. నెయ్యి గిన్నె అందుకొని వాసవాంబ కంచంలోకి వంచింది.

"తిను. చల్లారిపోతాంది."

వాసవాంబ తినింది. కడుపు నిండినా ఆగలేదు. "సౌమ్యా, ఇంగ రోంత అన్నం" అని వీధిలోకి వినబడేట్టు అడిగింది.